హిమబంధము: ధ్రువసముద్రమును చదివిన నౌకల చరిత్ర

భూగోళపు ఉత్తరాగ్రమున, ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా ఖండముల తీరములు చుట్టివచ్చిన నడుమ, నడిభాగము సంవత్సరము పొడవునను మంచుచే కప్పబడియుండు సముద్రమొకటి కలదు. అచ్చటి ధ్రువబిందువున సూర్యుడు ఆరుమాసములు అస్తమింపడు. ఆపై ఆరుమాసములు ఉదయింపడు. పందొమ్మిదవ శతాబ్ది ముగియవచ్చుచున్నను, ఆఫ్రికా నదుల జన్మస్థానములను వెదకి హిమాలయ శిఖరముల ఔన్నత్యమును గణించిన పాశ్చాత్య విజ్ఞానము, ఆ మంచుపొర క్రింద నున్నది నీరో నేలయో, నీరేయైనచో అది లోతో మెరకయో చెప్పజాలకుండెను. ధ్రువము చుట్టును గొప్ప భూభాగము గలదని కొందరు, ద్వీపసమూహము గలదని మరికొందరు ఊహించిరి. జర్మనీ దేశమున గోథా పట్టణమందుండి పటములు ప్రకటించుచు భూగోళశాస్త్రమున ప్రమాణపురుషుడుగా ఎన్నబడిన ఆగస్టు పీటర్మన్, అంచున నున్న హిమవలయమును దాటగలిగినచో లోపల మంచులేని తెరపిసముద్రము గోచరించునని, దానిపై ధ్రువము వరకు ఓడ సాగిపోవుట సులభమని బోధించెను. ఆ బోధను నమ్మి ప్రాణములు గోల్పోయినవారును కలరు.

ఈ యజ్ఞానము తొలగిన వృత్తాంతము ముఖ్యముగా నౌకల వృత్తాంతము. మంచుసముద్రమున ప్రవేశించిన నౌకలు రెండు తెరగులవి: మంచునకు తమ్ము అప్పగించుకొని అది కొనిపోయిన చోటికెల్ల పోయినవి కొన్ని; యంత్రబలముతో మంచును పగులగొట్టుకొని తాము తలచిన చోటికి పోయినవి కొన్ని. ఈ రెండవ జాతిని హిమభేదక నౌకలందురు. శాస్త్రమునకు ఎక్కువ తోడ్పడినది బలశాలియగు ఈ రెండవ జాతియేయని సామాన్యదృష్టికి తోచును. కాని చరిత్రను నెమ్మదిగా పరిశీలించినచో, ధ్రువసముద్రము తన రహస్యములను వెల్లడించినది తనతో మాసములు, సంవత్సరములు కలిసియుండ గలిగిన వారికేయని, హిమభేదకము సైతము యంత్రమును ఆపి మంచులో నిలుచుటకు నేర్చిన పిమ్మటనే దాని బలము శాస్త్రమునకు పూర్ణముగా ఫలించినదని స్పష్టపడును.

1879 జులైలో అమెరికా నౌకాదళాధికారియగు జార్జి డిలాంగ్, తనతో కూడ 33 మంది మనుష్యులు గల 'జెనెట్' అను నౌకపై శాన్‌ఫ్రాన్సిస్కో రేవును విడిచి, బేరింగు జలసంధి మార్గమున ధ్రువమునకు బయలుదేరెను. తెరపిసముద్రము కానరాలేదు. ఆ సెప్టెంబరులోనే మంచు నౌకను పట్టుకొని, ఇంచుమించు ఇరువదియొక్క మాసములు వాయవ్యముగా ఈడ్చుకొనిపోయి, 1881 జూనులో నూతన సైబీరియా ద్వీపములకు ఎగువను నలిపి ముంచివేసెను. మనుష్యులు మూడు పడవలపై దక్షిణమునకు పయనమైరి. ఒక పడవ తుపానున అదృశ్యమయ్యెను. రెండవదాని వారిలో పెక్కుమంది లీనానది ముఖద్వారపు బీళ్లలో డిలాంగుతో గూడ ఆకటిచే మరణించుచు వచ్చిరి. తుదకు ప్రాణములతో స్వదేశము చేరినవారు 13 మంది మాత్రమే.

ఈ విషాదము ఇంతటితో ముగిసియుండినచో మరొక ఓటమిగా మరువబడియుండెడిది. అయితే నౌక మునిగిన మూడేండ్లకు, 1884లో, భూగోళపు ఆవలి ప్రక్కనున్న గ్రీన్లాండు నైరృతితీరమున, జూలియానేహాబ్ సమీపమున, ఒక తేలుమంచు పలకపై కొన్ని వస్తువులు దొరకెను. వానిలో డిలాంగు సంతకముగల ఆహారసామగ్రి పట్టికయు, జెనెట్ నావికుడొకని పేరు వ్రాయబడిన మైనగుడ్డ లాగును ఉండెను. సైబీరియా ఎగువ మునిగిన నౌకయొక్క అవశేషములు గ్రీన్లాండునకు ఎట్లు వచ్చెను? నార్వే దేశపు వాతావరణశాస్త్రజ్ఞుడు హెన్రిక్ మోన్, సైబీరియానుండి ధ్రువప్రాంతము మీదుగా గ్రీన్లాండు వైపునకు మంచును కొనివచ్చు ప్రవాహమొకటి యుండవలెనని ఒక వార్తాపత్రికలో వ్రాసెను. ఆ వ్యాసమును చదివిన వారిలో ఇరువదిమూడేండ్ల యువకుడొకడు కలడు. అతడు బెర్గెన్ మ్యూజియమున జంతుశాస్త్ర పరిశోధకుడుగా నున్న ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

మృతుల వస్తువులను చూచి లోకము దుఃఖించుచుండగా, నాన్సెన్ ఆ వస్తువులు నడచిన త్రోవను ఆలోచించెను. సైబీరియా అడవుల మ్రాకులు సైతము గ్రీన్లాండు తీరమునకు కొట్టుకొనివచ్చి అచ్చటివారికి వంటచెరకగుచున్నవి. మంచుపలక వచ్చినచోటికి ఓడయు రాగలదు. మంచు నలుపజాలనట్టి ఓడను నిర్మించి, జెనెట్ మునిగినచోట తానై మంచులో చొరనిచ్చి, ప్రవాహమున వదలి, గ్రీన్లాండు ప్రక్కను బయటికి రావలెను. ఇంతవరకు ధ్రువయాత్రికులందరును ప్రకృతితో పోరాడి ఓడిపోగా, ప్రకృతిశక్తినే వాహనముగా చేసికొనవలెనని అతడు సంకల్పించెను. ఈ సంకల్పమును 1890లో నార్వే భూగోళసమాజమునకు, 1892 నవంబరులో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి విన్నవించెను. లండనులో, ఆర్కిటిక్ మంచులో అదృశ్యమైన యాత్రికుడు ఫ్రాంక్లిన్ జాడ వెదకి ప్రసిద్ధిగాంచిన వృద్ధనావికుడు మెక్లింటాక్ మొదలైనవారు అతని ధైర్యమును కొనియాడుచునే, చలికాలపు మంచు ఒత్తిడిని ఏ నౌకయు తాళజాలదని శంకించిరి. తన సహచరులలో అధికభాగమును ఆర్కిటిక్ ప్రాంతమున గోల్పోయి వచ్చిన అమెరికా సేనాధికారి గ్రీలీ ఈ యత్నమును కఠినముగా ఖండించెను. ఆ శంకలు పిరికితనమువలన పుట్టినవి కావు. వారెల్లరు మంచు చేయు పనిని కన్నులార చూచినవారు. అయినను నార్వే పార్లమెంటు వ్యయములో పెద్దభాగమును భరించుటకు సమ్మతించెను.

నౌకానిర్మాణము లార్విక్ పట్టణమున కోలిన్ ఆర్చర్ అను శిల్పికి అప్పగింపబడెను. 1892 అక్టోబరు 26న నీటిలోనికి దింపబడిన ఆ నౌకకు 'ఫ్రాం' అని నామకరణమయ్యెను. నిడివి 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. చూడ పొట్టిదియు బొద్దుదియునై, అందము గలదని ఎవ్వరును పొగడదగిన నౌక కాదు. అయితే దాని యందమెల్ల ప్రయోజనముననే యుండెను. ఎన్నో యేండ్లు ఎండబెట్టిన ఓక్ కర్రతో పక్కటెముకలను కూర్చి, మీద పొరలు పొరలుగా పలకలను తాపి, అన్నిటికి వెలుపల గ్రీన్‌హార్టు అను మిక్కిలి గట్టి కర్రను కప్పిరి. ప్రక్కల మందము 70 సెంటీమీటర్లకు తగ్గదు. లోపల అడ్డముగా, ఏటవాలుగా దూలములను దట్టముగా బిగించిరి. అడుగుభాగమును గుండ్రముగా, నునుపుగా మలచిరి. అందువలన ఇరువైపుల మంచు ఒత్తినపుడు, వ్రేళ్ల నడుమ నొక్కిన పనసగింజ పైకి జారినట్లు, నౌక పగులక మంచుమీదికి లేచును. చుక్కానిని, ప్రొపెల్లరును మంచు విరుగగొట్టకుండ పైకి ఎత్తుకొనుటకు బావులవంటి గూళ్లను అమర్చిరి. గదుల గోడలను తారుపూసిన కంబళి, బెండు, దుప్పివెండ్రుకలు మొదలైన పొరలతో చలి చొరకుండ కప్పిరి. మంచులో బొగ్గు పొదుపు చేయుటకై గాలిమరతో విద్యుద్దీపములను వెలిగించు ఏర్పాటు గావించిరి.

1893 జూన్ 24న ఫ్రాం క్రిస్టియానియా (నేటి ఓస్లో) రేవును విడిచెను. నౌకాధిపతి ఒట్టో స్వెర్‌డ్రుప్. నాన్సెనుతో కూడ అందరును 13 మంది. సైబీరియా తీరము వెంట తూర్పుగా సాగి, సెప్టెంబరులో చెల్యూస్కిన్ అగ్రమును దాటి, అదే మాసము 22వ తేదీన 78 డిగ్రీల 50 నిమిషముల ఉత్తర అక్షాంశము దగ్గర మంచులో నిలిచెను. చుక్కాని పైకెత్తబడెను, ఆవిరియంత్రమును విప్పి, భాగములకు నూనెరాసి భద్రపరచిరి. అక్టోబరు మొదటి పక్షముననే మంచు తొలిసారి నౌకను బిగించెను. పలకలు ఒండొంటిపై కెక్కుచు, విరుగుచు, ఉరుమువంటి ధ్వనితో వచ్చి ఒత్తగా, ఫ్రాం శిల్పి తలచినట్లే మెల్లగా పైకిలేచెను. శంకించిన పెద్దలకు సమాధానము ఆనాడే లభించినది గాని, దానిని విన్నవారు లోపలనున్న పదుమువ్వురు మాత్రమే.

నాటినుండి నౌక యాత్రాసాధనము కాక పరిశోధనాలయమయ్యెను. ఈ సంగతి చరిత్రలో మిక్కిలి ముఖ్యమైనది. పూర్వపు యాత్రలలో కొలతలు ప్రయాణమునకు అనుబంధములు. ఇచ్చట కొలతలే ప్రయాణము. సిగుర్డ్ స్కాట్ హాన్సెన్ నాలుగుగంటల కొకసారి వాతావరణమును నమోదు చేయుచు, నక్షత్రములను చూచి నౌకయున్న స్థానమును గణించుచు, అయస్కాంతశక్తిని కొలుచుచుండెను. మంచు వేసవిలో ఎంత కరగునో, శీతకాలమున ఎంత పేరునో కొలిచిరి. మంచులో రంధ్రము త్రవ్వి, చలికి అది మూతపడకుండ కాపాడుచు, దానిగుండ సముద్రమును పరీక్షించిరి.

తొలి ఆశ్చర్యము లోతు. ధ్రువసముద్రము మెరకసముద్రమని నాన్సెన్ తలచియుండినందున అతడు తెచ్చిన కొలతతాళ్లు చాలవాయెను. అపుడు నౌకలోని ఉక్కుమోకు నొకదానిని మంచుమీద పరచి, పోగులుగా విప్పి, మరల సన్నముగా పేని, నాలుగైదు వేల మీటర్ల తాడును తమ చేతులతోనే తయారుచేసిరి. ఆ వేళల చలి ఎట్టిదో ఊహింపదగును. ఇనుమును ఉత్తచేతితో తాకినచో చర్మము ఊడివచ్చును. అట్టి తాటి కొనను బరువుకట్టి దింపగా, లోతు 3,300 మొదలు 3,900 మీటర్ల వరకు తేలెను. ధ్రువము చుట్టును ఖండము గలదను సిద్ధాంతము, మెరకసముద్ర సిద్ధాంతము, రెండును ఆ తాటితోడనే అడుగంటెను. మహాసముద్రములలో నొకటిగా గణింపదగిన అగాధము అచ్చట గలదని లోకమునకు తెలిసెను.

రెండవ ఆశ్చర్యము వేడిమి. లోతునీటి ఉష్ణోగ్రతను పట్టుకొనుటకు తలక్రిందగు థర్మామీటరు నుపయోగించిరి: కోరినలోతున దానిని తలక్రిందుచేయగా పాదరసపు పోగు తెగి, అచ్చటి ఉష్ణోగ్రతను చూపుచునే నిలిచిపోవును; పైకి తీయునపుడు దారిలోని చలి దానిని మార్చజాలదు. ఈ సాధనముతో కొలువగా, మంచుక్రింది నీరు సుమారు 200 మీటర్ల వరకు సున్నకు దిగువ ఒకటిన్నర డిగ్రీకి పైబడిన చలితో నుండగా, దాని క్రింద, వందలకొలది మీటర్ల మందమున, సున్నకు ఎగువనున్న వెచ్చని నీటిపొర కానవచ్చెను. దానికి దిగువను మరల చలి. చల్లనినీటి క్రింద వెచ్చనినీరు నిలుచుట ఎట్లు? కారణము ఉప్పు. ఓబ్, యెనిసై, లీనా మొదలగు సైబీరియా మహానదులు తెచ్చు మంచినీరు ఉప్పునీటితో కలిసి తేలికయై మీద తేలును. స్పిట్స్‌బర్గెన్ ద్వీపము ప్రక్కనుండి లోపలికి ప్రవేశించు అట్లాంటిక్ నీరు వెచ్చనిదయ్యు ఉప్పదనముచే బరువెక్కి క్రిందకు దిగి వ్యాపించును. ఆ క్రిందిపొరలో దాగిన వేడిమి పైకివచ్చినచో మంచును కరగింపజాలినంత గలదు. దానిని అడ్డుచున్నది నదీజలములచే తేలికపడిన ఆ పైపొర యొక్కటియే. నేటి ధ్రువసముద్ర విజ్ఞానమంతయు ఈ ఒక్క కనుగోలు చుట్టును తిరుగుచున్నదనిన అతిశయోక్తి కాదు.

మూడవది మిక్కిలి సూక్ష్మమైనది. గాలి వీచిన దిక్కునకే మంచు తేలిపోవునని ఎవ్వరైన తలతురు. కాని స్థానములను, గాలులను నెలల తరబడి సరిపోల్చగా, మంచు గాలిదిక్కునకు 20 మొదలు 40 డిగ్రీలు కుడివైపునకు తొలగి పోవుచున్నట్లు నాన్సెన్ గ్రహించెను. భూభ్రమణమే దీనికి హేతువని, ఒక్కొక్క నీటిపొర తన క్రిందిపొరను ఈడ్చునపుడు ఆ తొలగుట మరింత హెచ్చుచుండవలెనని అతడు ఊహించెను. గణితముచే నిరూపించుటకై విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ పండితుని అడుగగా, ఆయన తన శిష్యుడగు స్వీడను యువకుడు వాల్‌ఫ్రిడ్ ఎక్మన్‌కు ఆ సమస్య నిచ్చెను. 1902లోను, మరింత విస్తరించి 1905లోను ఎక్మన్ ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, ఉత్తరార్ధగోళమున గాలిచే కదలు పైపొరల నీరు మొత్తముమీద గాలికి కుడివైపున లంబముగా తరలిపోవును. అట్లే, సైబీరియా తీరమున ఒకచో ఫ్రాం నిండువేగముతో యంత్రము నడచుచున్నను కదలలేక ఈడ్చుకొనిపోయిన వింతను సైతము ఎక్మనే విడదీసెను: ఉప్పునీటిపై మంచినీటి పలుచనిపొర యున్నచోట, నౌక తన బలమును పైకి కానరాని అంతర్గత తరంగములను లేపుటయందే వ్యయపరచును.

1895 మార్చి 14న, నౌక 84 డిగ్రీలు దాటియుండగా, ప్రవాహము ధ్రువమును తాకదని గ్రహించిన నాన్సెన్, యోహాన్సెన్ అను సహచరునితో కుక్కబండ్లపై ధ్రువమునకు బయలుదేరెను. 86 డిగ్రీల 14 నిమిషముల వరకు పోయి, మరలి, ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపములలో రాతిగుడిసెలో చలికాలము గడిపి, 1896 జూనులో ఆంగ్లేయుడగు జాక్సన్ అను యాత్రికునిచే కనుగొనబడెను. ఈ వీరగాథ లోకమున మిక్కిలి ప్రసిద్ధము. అయితే శాస్త్రమునకు వారిరువురి నడకకంటె, నౌకలో మిగిలిన పదునొకండుగురి నిలకడయే ఎక్కువ ఫలించెను. వారు కొలతలను ఒక్కనాడును మానలేదు. ఫ్రాం 85 డిగ్రీల 57 నిమిషముల వరకు పైకిపోయి, 1896 ఆగస్టు 13న స్పిట్స్‌బర్గెన్‌కు వాయవ్యమున, ఊహించినచోటికి దాపుననే, మంచునుండి విడివడెను. 13 మందిలో ఒక్కడును మరణింపలేదు. ఫలితములు ఆరు సంపుటములుగా వెలువడెను.

ఈ పరంపర మన తీరమునకు సైతము వచ్చినది. ధ్రువయాత్రికుడు రోల్డ్ అముండ్‌సెన్ ఫ్రాం మార్గమునే మరల అనుసరింపదలచి 1918లో 'మౌడ్' అను నౌకను మంచులోనికి నడిపించెను. అది నడిమి ప్రవాహమున చొరజాలక సైబీరియా తీరమునే చిక్కినను, అందు శాస్త్రాధ్యక్షుడుగా ఏడేండ్లు గడిపిన హరాల్డ్ స్వెర్‌డ్రుప్ ఆ శతాబ్దపు సముద్రశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడయ్యెను. 1936లో ఆయన కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థకు అధ్యక్షుడయ్యెను. ఆ సంస్థలో పనిచేసిన యూజీన్ లఫాండ్ 1952 ప్రాంతమున వాల్తేరునకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సముద్రశాస్త్రమునకు పునాదివేసిన వారిలో నొకడై, భారత నౌకాదళపు ఓడలపై విద్యార్థులతో బంగాళాఖాతమును కొలిచెను. వసంతగ్రీష్మములలో గాలి మన తూర్పుతీరము వెంబడి నైరృతినుండి ఈశాన్యమునకు వీచును; అపుడు పైనీరు గాలికి కుడివైపునకు, అనగా తీరమును విడిచి లోసముద్రమునకు తొలగగా, దాని తావున అడుగునుండి చల్లని, ఉప్పదనము హెచ్చైన నీరు విశాఖపట్టణము చెంత పైకుబుకును. శరత్కాలమున ఈశాన్యపు గాలి వీచునపుడు నీరు తీరమునకు త్రోయబడి క్రిందికి దిగును. లఫాండ్ ఈ సంగతిని 1954లో విశ్వకళాపరిషత్తు సముద్రశాస్త్ర గ్రంథములలోనే ప్రకటించెను. అడుగునుండి వచ్చు నీరు పోషకద్రవ్యములను తెచ్చును. వానివలన సూక్ష్మజీవులు, వానివలన చేపలు వృద్ధిపొందును. ధ్రువమున ఒక మంచుపలక గాలికి కుడియెడకు తొలగుటను చూచిన కన్నులు, మన జాలరుల వలలకు చేరు చేపల కారణమును సైతము చూపగలిగెను.

ఇక హిమభేదకముల చరిత్రకు వత్తము. ఫిన్లాండు సింధుశాఖయందలి క్రోన్‌స్టాడ్ రేవున వర్తకుడగు మిఖాయిల్ బ్రిట్‌నెవ్, 1864లో తన 'పైలట్' అను ఆవిరిపడవ ముక్కును ఏటవాలుగా కోయించెను. అట్టి ముక్కు మంచును గ్రుద్దక దానిమీదికి ఎక్కును. ఎక్కిన ఓడ బరువునకు మంచు విరుగును. హిమభేదకములన్నిటికి నేటికిని ఇదియే మూలసూత్రము. 1871 చలికాలమున హాంబర్గు రేవు గడ్డకట్టగా జర్మనులు ఈ నమూనాను కొనిపోయిరి. అయితే ఇవన్నియు రేవులను తెరచియుంచు పడవలే. ధ్రువసముద్రమునకు హిమభేదకమును పంపవలెనని తలచినవాడు రష్యా నౌకాసేనాని స్తెపాన్ మకారోవ్.

మకారోవ్ బలమునే నమ్మిన మొరటువాడు కాడు. యువకుడుగా నున్నపుడే బాస్ఫరస్ జలసంధిలో పైననొక ప్రవాహము, అడుగున దానికి ఎదురుగా మరొకటి పారుచున్నవని స్వయముగా కొలిచి నిరూపించెను. 1886 మొదలు 1889 వరకు 'విత్యాజ్' నౌకపై భూప్రదక్షిణము చేయుచు పసిఫిక్ సముద్రపు ఉష్ణోగ్రతలను, సాంద్రతలను కొలిచి గొప్ప గ్రంథమును వ్రాసెను. 1897లో అతడు, ధ్రువమునకు మంచును చీల్చుకొని సూటిగా పోవలెనని ఉపన్యసించెను. రసాయనశాస్త్ర మహర్షియగు మెండెలియెవ్, ఆర్థికమంత్రి విట్టే అతనిని సమర్థించిరి. ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరమున ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకానిర్మాణశాలలో తయారై, 1899 మార్చిలో క్రోన్‌స్టాడ్ చేరిన ఆ నౌక పేరు 'యెర్మాక్'. సుమారు 10,000 అశ్వశక్తి గల అట్టి హిమభేదకము అంతకుమున్ను లోకమున లేదు. బాల్టిక్ మంచును అది చీల్చుకొనివచ్చుచుండగా జనులు మంచుమీద పరుగెత్తి స్వాగతమిచ్చిరి.

అదే సంవత్సరము వేసవిలో మకారోవ్ దానిని స్పిట్స్‌బర్గెన్ దాటించి ధ్రువపు మంచులోనికి నడిపించెను. బాల్టిక్ మంచు ఒక్క శీతకాలపుది. ధ్రువపు మంచు ఏండ్ల తరబడి ముదిరి, ఒత్తిళ్లకు గుట్టలుగా పేరినది. ముక్కుచెంత అమర్చిన ప్రొపెల్లరు ఆ మంచునకు నిలువలేదు, దానిని తీసివేయింపవలసివచ్చెను. మరల పోగా, 81 డిగ్రీల 28 నిమిషముల వరకు చేరి, ఓడమేను దెబ్బతిని వెనుదిరిగెను. 1901లో నోవయా జెమ్లియా సమీపమున వారముల తరబడి చిక్కువడగా, ప్రభుత్వము యెర్మాకును మకారోవ్ చేతినుండి తీసి బాల్టిక్ రేవుల పనికి నియమించెను. 1904లో పోర్ట్‌ఆర్థర్ చెంత యుద్ధనౌక మందుపాతరకు మునుగగా అతడు మరణించెను. ఆనాటివారు అతని యత్నమును విఫలమనిరి. వారు తొందరపడిరని నా యభిప్రాయము. మకారోవ్ ఆ కొలది వారములలోనే మంచు మందమును, గట్టిదనమును, నీటి ఉష్ణోగ్రతలను శ్రద్ధతో కొలిచెను. అతనికి చాలనిది బలము కాదు, కాలము. నాన్సెనునకు మంచు మూడేండ్ల నిచ్చెను. మకారోవునకు అధికారులు మూడు వేసవుల నైన సక్రమముగా ఈయలేదు.

ఈ రెండు మార్గములు కలిసికొనుటకు ఇంకను చాలకాలము పట్టెను. 1937 మేలో సోవియట్ ప్రభుత్వము పపానిన్, క్రెంకెల్, షిర్షోవ్, ఫెదరోవ్ అను నలువురిని విమానములపై ధ్రువముచెంత మంచుపలకపై దింపెను. 274 దినములు తేలిపోవుచు వారు ధ్రువమున 4,290 మీటర్ల లోతును కొలిచి, ఫ్రాం కనుగొన్న వెచ్చనిపొర అచ్చటను గలదని చాటిరి. 1938 ఫిబ్రవరిలో వారిని ఎక్కించుకొని తిరిగి తెచ్చుటలో తోడ్పడిన నౌకలలో వృద్ధ యెర్మాకు నొకటి. ఆ కాలముననే 'సెదోవ్' అను హిమభేదకము మంచులో చిక్కెను. 1938 వేసవిలో యెర్మాకు వచ్చి దానితో చిక్కిన రెండు నౌకలను విడిపించినను, చుక్కాని వంగిన సెదోవ్ కదలలేకపోయెను. అందలి 15 మంది, బడీగిన్ నాయకత్వమున, తమ దురదృష్టమును పరిశోధనగా మార్చుకొనిరి. ఫ్రాం కంటె ధ్రువమునకు మరింత చేరువగా తేలిపోవుచు, నాన్సెన్ అనుచరులవలెనే ఉక్కుమోకులను విప్పి కొలతతాళ్లు పేని, అగాధములను కొలిచి, 812 దినముల పిమ్మట 1940 జనవరిలో గ్రీన్లాండు సముద్రమున విముక్తి పొందిరి. విధిచే బద్ధమైన హిమభేదకము, స్వేచ్ఛగా తిరుగు హిమభేదకము చేయని పనిని చేసెను.

తరువాత యంత్రబలము మితిలేక పెరిగెను. 1977 ఆగస్టు 17న సోవియట్ అణుశక్తి నౌక 'ఆర్కటికా' మంచును చీల్చుకొని ధ్రువమును చేరెను. మకారోవ్ కల నెరవేరెను. 1982లో జర్మనీ 118 మీటర్ల నిడివిగల 'పోలార్‌స్టెర్న్' అను హిమభేదకమును పరిశోధనకై నిర్మించి, బ్రేమర్‌హావెన్‌లోని ఆల్‌ఫ్రెడ్ వేగెనర్ సంస్థ కప్పగించెను. ఒకటిన్నర మీటరు మంచును అది ఆగక విరుచుకొనిపోగలదు. 1991 సెప్టెంబరు 7న స్వీడను నౌక 'ఓడెన్'తో గూడ ధ్రువమును చేరెను. నేడు నీటిసీసాలను వలయముగా కూర్చి, ఉప్పదనమును ఉష్ణోగ్రతను ఎడతెగక చెప్పు సాధనములతో అడుగువరకు దింపుదురు. ఫ్రాం మనుష్యులు దినమెల్ల శ్రమించినది ఇపుడు కొలది గంటల పని.

అయినను హిమభేదకమునకు స్వభావసిద్ధమగు లోపమొకటి కలదు. అది తాను పరీక్షింపవచ్చిన దానినే చెదరగొట్టును. పలకలను విరిచి, పొరలను కలగలిపి, పొగతో గాలిని మలినపరచును. పైగా అది వేసవిలో వచ్చి, శరత్తున పోవును. చలికాలపు చీకటిలో మంచు ఎట్లు పేరునో, వేడిమి ఎట్లు పైకెక్కునో దానికి తెలియదు. ఈ లోపమును గుర్తించియే, మార్కస్ రెక్స్ నాయకత్వమున, 20 దేశముల శాస్త్రజ్ఞులు పోలార్‌స్టెర్న్‌ను 2019 సెప్టెంబరు 20న ట్రోమ్సో రేవునుండి నడిపించి, అక్టోబరు 4న 85 డిగ్రీల అక్షాంశమున ఒక మంచుపలకకు కట్టివేసి, నాన్సెన్ చేసినట్లే ప్రవాహమున వదలిరి. నౌకకు దూరముగా, చెదరని మంచుపై శిబిరములు వేసి, రేయింబవళ్లు లేని చీకటిలో గాలిని, మంచును, నీటిని ఏకకాలమున కొలిచిరి. లోకమును ముంచిన మహమ్మారి కారణమున మనుష్యులను మార్చుటకు నౌక నడుమ కొన్నాళ్లు పలకను విడువవలసివచ్చినను, 2020 జులై చివర గ్రీన్లాండు, స్పిట్స్‌బర్గెన్‌ల నడిమి ఫ్రాం జలసంధిలో పలక పగిలిపోవువరకు పని సాగెను.

ఈ పోలికలో ఒక హెచ్చరిక కలదు. ఫ్రాం ఇంచుమించు మూడేండ్లలో దాటిన మంచుసముద్రమును, 2006లో అదే రీతిని మంచులో చొరబడిన ఫ్రెంచి నౌక 'తారా' 507 దినములలో దాటెను. పోలార్‌స్టెర్న్ పలక పదిమాసములు నిలువలేదు. మంచు పలుచనై, చిట్లి, గాలికి తేలికగా కొట్టుకొనిపోవుచున్నది. నాన్సెన్ కొలతలు లేకున్నచో నేటి మార్పును మనము దేనితో సరిపోల్చగలము? కొలిచినవాని జీవితకాలమున ప్రయోజనము కానరాని కొలత, నూరేండ్లకు అమూల్యమగుట విజ్ఞానచరిత్రలో తరచు కానవచ్చు ధర్మము.

మన దేశము 1981లో 'పోలార్ సర్కిల్' అను నార్వే నౌకపై అంటార్కిటికాకు తొలి యాత్రికులను పంపినది మొదలు అద్దెనౌకలనే ఆశ్రయించుచు వచ్చెను. 2008లో స్పిట్స్‌బర్గెన్ నందలి న్యూ ఆలెసున్‌లో 'హిమాద్రి' కేంద్రమును నెలకొల్పి, 2014లో అచ్చటి సింధుశాఖలో 192 మీటర్ల లోతున నీటిని నిరంతరము కొలుచు సాధనమును లంగరువేసినది. స్వంత ధ్రువనౌక మనకు కావలెనను కోరిక న్యాయమైనదే. కాని అట్టి నౌకను గూర్చి ఆలోచించువారు, అది ఎన్ని అశ్వశక్తులతో మంచును విరుచునను ప్రశ్నకంటె, ఎన్ని మాసములు మంచులో నిలువగలదు, అందలి యువశాస్త్రజ్ఞులకు మనము ఎన్ని సంవత్సరముల వ్యవధి ఈయగలము, వారి కొలతలను ఎంత జాగ్రత్తగా భద్రపరచగలము అను ప్రశ్నలను ముందుగా వేసికొనవలెను. మకారోవునకు నౌక నిచ్చి కాలము నీయని ప్రభుత్వము నౌకను గూడ వృథాపరచినది. చిన్న దేశమగు నార్వే పదుముగ్గురికి కర్రనౌకను, అయిదేండ్లకు చాలు ఆహారమును, విశ్వాసమును ఇచ్చి, ఒక మహాసముద్రమును లోకమునకు ఎరుకపరచెను.